ఉదయగిరిలో పూత లేని గోడలు

ఎనభై నాలుగు మే నెలలో ఒక ఆదివారం, బుద్ధి ఉన్నవాళ్లు గడప దాటని ఎండల్లో, నేనూ మస్తానూ నెల్లూరులో ఆరు గంటల బస్సెక్కాం. కారణం ఉదయగిరి నుంచి ఒక కండక్టరు మోసుకొచ్చిన కబురు: "లైబ్రరీ గోడలకి పూత పూయిస్తా ఉండాం. రంగు మాత్రం మస్తాన్ చెప్పిందే. ఆదివారం వచ్చి చెప్పిపొమ్మను." పంపింది లైబ్రరీ కమిటీ ప్రెసిడెంటు పెంచలరెడ్డి. ఇంత మర్యాదగా ఒకడి కొంప ముంచడం నేను అంతకుముందు చూడలేదు.

మస్తాన్ ఆర్కిటెక్టు. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే ఖాదర్ సాయబు కొడుకు. కాలేజీ హాస్టల్లో నా రూమ్మేటు. నా చొక్కాలు తనవే అనుకునేంత స్నేహం. మద్రాసులో చదివి, అక్కడే ఒక పెద్ద ఆఫీసులో అద్దాల మేడలు గీశాడు. మన ఎండకి ఇన్ని అద్దాలెందుకని అడిగాడు. ఆ తర్వాత అక్కడ ఎక్కువ కాలం లేడు. తిరిగొచ్చి కట్టిన మొదటి బిల్డింగు ఈ లైబ్రరీ. కొండ కింది రాయితో గోడలు, రాళ్ల సందుల్లో తప్ప సిమెంటు కనపడదు. దక్షిణపు గోడ మొత్తం ఇటుకలు ఎడం ఎడంగా పేర్చిన జాలీ. దాన్ని చూసే తర్వాత ఆత్మకూరులో కల్యాణమండపం, అనంతసాగరంలో ఆసుపత్రి అతని చేతికొచ్చాయి. ఆ గోడల మీద పూత పడితే పదేళ్లుగా మస్తాన్ చేసినదంతా వట్టి మాటగా మిగులుతుంది. ఈ సంగతి అతను అనలేదు.

ఈ దారిన వెళ్లేవాళ్లు బస్సులో ఎడమవైపు కూర్చోండి. కుడివైపు ఎండ టిక్కెట్టు లేకుండా ఎక్కుతుంది.

ఎనిమిదింటికి ఆత్మకూరు. బస్టాండు ఎదుటి హోటల్లో ఇడ్లీ బాగుంటుంది, కారప్పొడి అడిగితేనే వేస్తారు. ఉదయగిరి బస్సుకి ఇంకా టైముంది గనక కల్యాణమండపం చూడటానికి నడిచాం. వెడల్పాటి చూర్లు, నడుమ స్తంభం ఒక్కటీ లేని హాలు. వాచ్‌మన్ మస్తాన్‌ని గుర్తుపట్టలేదు.

"మంచి గిరాకీ అయ్యా దీనికి," అన్నాడు. "స్తంభాల్లేవు గదా, యాడ కూసున్నా పెళ్లికూతురు కనపడతాది. మీ ఇంట్లో పెళ్లా?"

"లేదబ్బా, ఊరికే," అన్నాడు మస్తాన్. బయటికొచ్చాక చూస్తే, నడక కొంచెం మారింది.

ఉదయగిరి బస్సులో మా పక్కన కూర్చున్న అవ్వకి మా పని తెలుసుకోవాలనిపించింది. లైబ్రరీ కోసమన్నాను.

"ఆ కట్టీ కట్టక ఇడిసిపెట్టినారే, అదా?" అంది. "ఆ సాయిబు కొడుకు డబ్బులు చాలక ఆపేసినాడంట. పాపం, నెమ్మదస్తుడేనంట."

నెమ్మదస్తుడు కిటికీలోంచి మెట్టపొలాల్ని శ్రద్ధగా చూస్తున్నాడు.

పదకొండున్నరకి కొండ, దాని మీద విరిగిన కోటగోడలు, కింద ఊరు. బస్టాండు పక్కన ఒక మెస్సుంది. మాకు ఖాదర్ సాయబు ఇంట్లో భోజనం దొరికింది గనక దాని గుణగణాలు చెప్పలేను.

భోంచేసి లైబ్రరీకి వెళితే మొదట కనపడింది దిష్టిబొమ్మ. మా వైపు కట్టడం మొదలుపెట్టగానే కన్ను తగలకుండా గడ్డిబొమ్మను వేలాడదీస్తారు, పని పూర్తయ్యాక దించేస్తారు. ఇక్కడ పదేళ్లుగా దించలేదు. పూత లేనిది బిల్డింగు పూర్తి కావడమేమిటని ఊరి నమ్మకం. ఏటా దానికి కొత్త గడ్డి కూరేది ఖాదర్ సాయబే. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి గరిటెల్ని నున్నగా తోమిన మనిషి. గరుకుగా ఉన్నదేదైనా ఆయన లెక్కలో పని సగంలో ఉన్నట్టే. మీవాడి బిల్డింగు ఎప్పుడవుద్దని ఎవరడిగినా "జరుగుతా ఉండాది" అనేవాడట. బొమ్మ తొడుక్కున్న నీలిగళ్ల చొక్కా ఎక్కడో చూసినట్టనిపించింది. హాస్టల్లో పోయిన నా చొక్కా.

రెండింటికి లోపల మీటింగు. కమిటీ వాళ్లూ, ఖాదర్ సాయబూ, మేమూ.

"మీటింగు మీ మేడలో పెట్టుంటే సౌకర్యంగా ఉండేది గదా రెడ్డిగారూ," అన్నాను.

"ఈ పొద్దప్పుడా? ఆడ ఉడికిపోతాం అబ్బయా," అన్నాడు పెంచలరెడ్డి. మస్తాన్ వైపు తిరిగి, "చెప్పు, ఏం రంగు?"

"జాలీనేం చేస్తారు పెదనాయనా?"

"బెజ్జాలకి పూత నిలవదంట. మూసేస్తాం."

"అయితే ముందు గోనెసంచులతో మూద్దాం," అన్నాడు మస్తాన్. "ఎట్లుంటాదో చూసి రంగు చెప్తా."

న్యాయంగానే ఉందనిపించింది అందరికీ. జాలీ పొడవునా సంచులు కట్టారు. పెంచలరెడ్డి రంగుల గురించి మొదలుపెట్టాడు. లేతపసుపు దగ్గర కండువాతో మెడ తుడుచుకున్నాడు. లేతనీలం దగ్గర కమిటీలో ఇద్దరు గుమ్మంలోకి జరిగారు. గులాబీ రంగు దాకా ఎవరూ రాలేకపోయారు.

"తియ్యండ్రా ఆ సంచులు," అన్నాడు పెంచలరెడ్డి.

తీశారు. గాలి వచ్చింది.

"అంటే, ఇది ఇట్టనే ఉండాలంటావు," అన్నాడు పెంచలరెడ్డి. "అయిపోయిందనేగా?"

"పదేళ్లయింది పెదనాయనా."

"చెప్పకూడదంట్రా?"

"చూస్తే తెలుస్తాదనుకున్నా."

పెంచలరెడ్డి ఖాదర్ సాయబు వైపు చూశాడు. "ఏం సాయిబూ, నువ్వేమంటావు?"

ఆయన లేచి గోడ దగ్గరికి వెళ్లాడు. గరిటె నునుపు చూసినట్టు రాయి మీద అరచెయ్యి పోనిచ్చాడు.

"గరుకే," అన్నాడు. చెయ్యి మాత్రం తీయలేదు. "చల్లగా ఉండాది."

బయటికి నడిచాడు. మేం వెళ్లేసరికి స్టూలెక్కి దిష్టిబొమ్మ తాడు విప్పుతున్నాడు. మస్తాన్ స్టూలు పట్టుకున్నాడు, అవసరానికి మించి గట్టిగా. చొక్కా నాదని చెప్పడానికి అది సమయం కాదనిపించింది.

అయిదింటి బస్సుకి తిరుగు ప్రయాణం. జనం పేరున్న కట్టడాలు చూడటానికి రెండేసి రోజులు రైళ్లలో పోతారు. తప్పులేదు. అవి కట్టినవాళ్లెవరూ నా చొక్కాలు తొడుక్కున్నవాళ్లు కారు గనక నాకు ఇదే గొప్ప. ఉదయగిరి పోయేవాళ్లు మిట్టమధ్యాహ్నం పోయి ఆ జాలీ పక్క బెంచీ మీద కాసేపు కూర్చోండి. పుస్తకం తెరవకపోయినా ఎవరూ ఏమీ అనరు.

కండక్టరు కబురు తెచ్చినవాడే. టిక్కెట్లు కొడుతూ అడిగాడు, "ఏమైందన్నా, పూత మొదలుపెట్టినారా?"

"లేదు," అన్నాడు మస్తాన్. "బిల్డింగు అయిపోయింది."

"ఎప్పుడు మొదలైందన్నా అది?"

"పదేళ్లు దాటింది."

"ఏంది, గవర్నమెంటు పనా?"

"కాదు," అన్నాడు మస్తాన్. "నాది."