పిడికెడు బాదం

నిన్న మా మెస్సులో పాలు అడుగంటాయి. ఆ వాసనకు పక్క పొయ్యి మీద వేగుతున్న దాల్చినచెక్క తోడయ్యేసరికి, మెట్‌పల్లిలో గరిటె పట్టుకుని నిలబడ్డ నేను ఒక్కసారిగా బహ్రెయిన్ వెళ్లిపోయాను, ఉమ్మ్ అల్ హస్సామ్‌లో బిర్గిట్ మేడమ్ వంటింట్లోకి.

మేడమ్‌ది నార్వే. భర్త పోయినా అక్కడే ఉండి, ఈసా టౌన్‌లో పిల్లలకు పియానో నేర్పేవారు. మాతో మాట్లాడేది సగం ఇంగ్లీషు, సగం హిందీ, కోపమొస్తే అరబ్బీ. నేను వంటవాణ్ణి. నిజామాబాద్ యూసుఫ్ భాయ్ డ్రైవరు. అక్కడి ట్రాఫిక్కులో కారు నడపాలంటే మేడమ్‌కు హడల్. అందుకే యూసుఫ్ ఎప్పుడు సెలవడిగినా "వేసవిలో చూద్దాం" అనేవారు. అతను బహ్రెయిన్ బయల్దేరాక పుట్టిన కూతురు అతన్ని చూడనేలేదు.

"ఫోన్‌నే అబ్బా అంటదట మల్లేశం! మోగకున్నా చెంపకు పెట్టుకొని ముద్దిస్తదట," అని నవ్వేవాడు. నవ్వి, అప్పుడే తుడిచిన కారును మళ్లీ తుడవడానికి పోయేవాడు.

నేను చేరిన ఏడు, డిసెంబరులో ఒక పొద్దున మేడమ్ "ఇవాళ యూల్" అన్నారు. నాకు ఊలు అని వినబడింది. ఈ ఊళ్లో స్వెటరెందుకు, ఖర్మ కాకపోతే, అనుకున్నాను. "ఏడాదిలో అన్నిటికంటే పెద్ద రాత్రి ఇది. రేపటి నుంచి పొద్దు పెరుగుతుంది. అందుకని దీపాలు పెట్టి, అందరం ఒకే బల్ల దగ్గర తింటాం," అని విడమరిచి చెప్పారు. వాళ్ల దేశపు చెట్టు దొరక్క గుమ్మానికి ఖర్జూరపు మట్టలు కట్టారు. పాలల్లో బియ్యం, దాల్చినచెక్క వేసి, కాస్త అడుగంటినా గరిటె నాకివ్వకుండా తానే కలియబెట్టారు. చివరికి నా చేతిలో ఒక్క బాదం గింజ పెట్టి, "ఇది వేయి. ఒక్కటే. ముక్కలు చేయకు," అని స్నానానికి వెళ్లారు.

నా మనసొప్పలేదు. ఎదురింటి బహ్రెయినీ ముసలమ్మ వస్తోంది, తోటమాలి వస్తున్నాడు. ఇంతమందికి ఒక్క బాదమా! మేడమ్ పిసినారి అని ఆ ముసలమ్మ వీధంతా టాంటాం వేస్తే మా ఇంటి పరువేం కాను? డబ్బా మూత తీసి పిడికెడు కలిపేశాను.

పొద్దుగూకగానే దీపాలు వెలిగించి, మమ్మల్ని కూర్చోబెట్టి, మేడమే వడ్డించారు. నేను కుర్చీ అంచుకే కూర్చున్నాను. "ఇందులో ఒకే బాదం ఉంది. అది దొరికినవాళ్లు ఏది అడిగినా ఇస్తాను," అన్నారు.

యూసుఫ్ నా చెవిలో, "పోయినేడు తోటమాలికి దొరికింది, సైకిలు కొనిచ్చింది. ఈసారి నాకే రావాలె భాయ్. బిడ్డను చూసొస్త," అన్నాడు. నా చెంచా చేతిలోనే ఆగిపోయింది.

రెండో చెంచాకే యూసుఫ్ ఎగిరి లేచాడు. "దొరికింది మేడమ్, దొరికింది!" తోటమాలి "నాకూ" అన్నాడు. ముసలమ్మ అప్పటికే మూడు గింజలు పళ్లెం అంచున పేర్చింది. మేడమ్ తన నోట్లోంచి ఒకటి తీసి చూసుకుని, నా వైపు తిరిగారు.

"మల్లేశం, ఎన్ని వేశావు?"

"పిడికెడు మేడమ్. ఒక్కటేస్తే మీ పరువు పోతదని..."

"కొంప ముంచినవ్ గదరా," అంటూ యూసుఫ్ కూలబడ్డాడు. మేడమ్ మాత్రం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, చెంచాతో బల్ల మీద కొట్టారు. "మాట మాటే. దొరికినవాళ్లందరూ అడగండి!" ముసలమ్మ ఇంకో గిన్నెడు పాయసం అడిగింది. తోటమాలి రేడియో అడిగాడు. యూసుఫ్ తల వంచుకుని, "సెలవు మేడమ్," అన్నాడు.

మేడమ్ నవ్వు ఆగిపోయింది. గోడకున్న కారు తాళాల వైపు కాసేపు చూశారు. "ఖలాస్, పోయిరా. నేనే నడుపుతాను," అన్నారు.

నడిపారు కూడా. తోడుగా కూర్చున్న నేను రోజూ ఈసా టౌన్ దాకా కొండగట్టు అంజన్నకు మొక్కుతూనే ఉండేవాణ్ణి.

యూసుఫ్ తిరిగొచ్చాక, బిడ్డ గుర్తుపట్టిందా అని అడిగాను.

"యాడ భాయ్! నన్ను చూసి మంచం కిందికి దూరింది. ఆఖరికి పక్కింటికి పోయి ఫోన్ చేసిన. 'అబ్బా, ఇంట్లకు ఎవడో గడ్డపోడు వచ్చిండు, జల్ది రా' అన్నది. సెల్లు చెవికి పెట్టుకొని, వస్తున్న బిడ్డా వస్తున్న అనుకుంటనే ఆమె ముంగట నిలబడ్డ. ఫోన్ కింద పడేసింది."

మేడమ్ ఇప్పుడు లేరు. ఆమెను తలచుకోని డిసెంబరు లేదు నాకు. ఆ పెద్ద రాత్రి మెస్సు మూసి, పనివాళ్లను కూర్చోబెట్టి నేనే వడ్డిస్తాను. బాదం పిడికెడే వేస్తాను. మొన్న పెళ్లిళ్ల రద్దీలో, పాల పొయ్యి చూసుకునే రాజవ్వ వచ్చి, కూతురు పురుటికి పోతానంది. "ఎండాకాలంల చూద్దాం తియ్యి," అనబోయాను. నోరు తెరిచేసరికి "ఖలాస్, పోయిరా అవ్వా," అని వచ్చింది.

నిన్న పాలు అడుగంటించింది నేనే.