తబిత ఒప్పుకున్న పాపం

రామచంద్రపురానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ పేటలో కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక అందరూ వరసలో నిలబడి స్టీలు పళ్లెంలోంచి తలా ఒక బైబిలు మాట రాసిన వాగ్దానం కార్డు తీసుకుంటారు. ఏడాది తిరిగేలోగా దేవుడు ఆ మాట నిలబెడతాడని నమ్మకం. చాలామందికి ఓదార్పు మాటలే వస్తాయి. పదో తరగతి చదువుతున్న తబితకు మాత్రం నువ్వు తలవే గాని తోకవు కావన్న అర్థం వచ్చే మాట వచ్చింది. వాళ్లమ్మ బేబి ఆ కార్డుకి లామినేషన్ చేయించి గుమ్మం మీద మేకు కొట్టి తగిలించింది.

అక్కడితో ఆగినా బాగుండేది. బేబి వారమంతా నాట్లకీ కలుపుకీ వెళ్లే మనిషే అయినా, ఆదివారం మాత్రం స్త్రీల సమాజానికి లీడరు. జనవరిలో ఒక ఆదివారం లేచి సాక్ష్యం చెప్పింది. "నా కూతురు ఈ ఏడు స్కూల్ ఫస్ట్ వస్తుందని దేవుడు మాట ఇచ్చాడండి. రాకముందే స్తోత్రం చెబుతున్నానండి." జరిగిన మేలుకి సాక్ష్యం ఎవరైనా చెబుతారు. జరగబోయేదానికి ముందే చెప్పడం ఆ పేటలో గొప్ప విశ్వాసం కింద లెక్క. పాస్టరు గారు ఆమెన్ అన్నారు. అందరూ అన్నారు. తబిత ఒక్కతే లెక్కల పరీక్ష గుర్తొచ్చి తల వంచుకుంది.

ఏప్రిల్లో లెక్కల్లో పంతొమ్మిది వచ్చాయి. సప్లిమెంటరీలో ఇరవై ఎనిమిది. ఇంకో ఏడు మార్కులొస్తే పాసయ్యేది. తెలుగులో ఎనభై ఒకటి వచ్చిన సంగతి ఎవరూ అడగలేదు. కుళాయి దగ్గర పక్కింటి హెలెన్ బిందె దించి, "ఏం బేబక్కా, తలొచ్చిందా, తోకొచ్చిందా?" అంది. నవ్వింది నలుగురే. పేటకి నలుగురు చాలు.

బళ్లు తెరిచిన వారానికి లెక్కల మాస్టారు పెద్దిరాజు గారు మోటారుసైకిలు మీద ఇంటికొచ్చారు.

"తప్పినవాళ్లు మళ్లీ పదిలో రెగ్యులర్‌గా చేరొచ్చమ్మా. రోజూ క్లాసుకొస్తే పాసవుతుంది, పూచీ నాది. ఈ ఫారం మీద సంతకం పెట్టి పంపండి. వచ్చే సోమవారం ఆఖరు."

"చిన్నది క్రిస్టినా కూడా ఇప్పుడు పదేనండి," అంది బేబి.

"అయితే ఏంటమ్మా? అక్కచెల్లెళ్లిద్దరూ కలిసే వస్తారు."

"నేను దాని పక్కన కూర్చుంటానండి. నాకేం సిగ్గు లేదు," అంది తబిత గుమ్మంలోంచి.

"లేదని తెలుస్తూనే ఉంది," అంది బేబి.

తండ్రి చిట్టియ్య కొబ్బరి దింపులు తీసే మనిషి. చెట్టెక్కినప్పుడు ఉన్న ధైర్యం ఇంట్లో ఉండదు. మాస్టారు వెళ్లాక, "పోనీ, చదవనీయవే," అన్నాడు. బేబి చూసిన చూపుకి కత్తి నూరుకోవడానికి పెరట్లోకి వెళ్లిపోయాడు.

ఏడాది పోయిందన్న బాధ బేబికి లేదు. ఆమె బాధ వేరు.

"దేవుడు అబద్ధమాడడు కదే?"

"ఆడడు."

"మరి మాటెందుకు తప్పింది? నువ్వేదో దాచావు. ఆదివారం అందరి ముందూ ఒప్పుకో. సోమవారం సంతకం పెడతాను."

"ఏం ఒప్పుకోవాలి?"

"నన్నడుగుతావేంటి? చేసింది నువ్వు."

తబిత నిజాయితీగానే వెతుక్కుంది. ప్రార్థనలో నిద్రపోయానంది. అందరూ పోతారంది బేబి. హెలెన్ పిన్ని వాళ్ల మామిడికాయలు కోశానంది. "మామిడికాయకి దేవుడు మాట తప్పుతాడా?" అంది బేబి. నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు నీ ఫోన్లో రీల్స్ చూశానంది. బేబి కాసేపు ఆలోచించి, "అదీ చాలదు," అంది. సంతలో చేపలు బేరమాడినట్టే ఉంది వరస. శనివారానికి తబితకు అర్థమైంది. దేవుడి మాటకి సరితూగే పాపం కావాలి. అంత బరువైనది ఆ పిల్ల దగ్గర లేదు.

ఆదివారం లేచి నిలబడి, "చదువుకునే టైములో ఒకబ్బాయితో ఫోన్లో మాట్లాడేదాన్నండి," అంది.

ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను. స్నానానికి వెళ్లినప్పుడు తప్ప అది ఎప్పుడూ బేబి నడుం దగ్గరే ఉంటుంది. ఆ సంగతి ముందు బేబికే గుర్తు రావాలి. రాలేదు. స్తోత్రమంటూ వెక్కివెక్కి ఏడ్చింది. పాస్టరు గారు తబిత నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. హెలెన్ వచ్చి బేబిని కావలించుకుని, "దేవుడిలో లోపం లేదక్కా, పిల్లలోనే," అంది. తబిత ఏడవలేదు. సోమవారం ఏ జడ వేసుకోవాలా అని ఆలోచిస్తోంది.

బయట చెప్పులు తొడుక్కుంటుంటే సంఘపెద్ద జీవరాజు గారు బేబిని ఆపారు. "ఆ కుర్రోడు ఆ బళ్లోవాడే అయ్యుంటాడు కదమ్మా. మళ్లీ అక్కడికే పంపుతావా? పక్కన చిన్నదాన్ని కూడా కూర్చోబెట్టి?"

సాయంత్రం తబిత ఫారం, పెన్నూ తెచ్చింది.

"ఎవడు వాడు?" అంది బేబి.

"ఎవడూ లేడమ్మా. నువ్వు సంతకం పెడతావని చెప్పాను."

"దేవుడి సన్నిధిలో నిలబడి అబద్ధం చెప్పానంటావా? సంఘమంతా ఆమెన్ అన్నాక?"

"నీ ఫోను చూసుకో. ఏ నంబరుందో."

"తుడిచేసుంటావు."

చిట్టియ్య పక్కన కూర్చుని మెత్తగా, "పేరు చెప్పమ్మా, నేనేం అనను," అన్నాడు. తిట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు. పక్కలో పడుకున్నాక క్రిస్టినా చెవి దగ్గర నోరు పెట్టి, "ఎలా ఉంటాడే?" అని అడిగింది.

సోమవారం తెల్లవారకముందే రోడ్డు మీదికి రొయ్యల షెడ్డు వ్యాను వచ్చింది. హెలెన్ కూతురు అందులోనే వెళుతుంది కాబట్టి తబితను పనిలో పెట్టుకోమని ఎవరినీ బతిమాలే అవసరం లేకపోయింది.

"వయసడిగితే పద్దెనిమిదని చెప్పు," అంది బేబి.

"అది అబద్ధం కాదా?"

"ఎక్కు."

వ్యాను కదిలాక బేబి గుమ్మం మీద కార్డు తీసి, క్రిస్టినా పుస్తకాల గూటి పైన తగిలించింది. ఎవరికి వచ్చిన కార్డైతేనేం, వాగ్దానం ఇంటికే కదా.

షెడ్డులో రబ్బరు బూట్లిచ్చారు, జుట్టుకి టోపీ ఇచ్చారు. ఐసులో చేతులు పెట్టి రొయ్యల తలలు తీయడం పని. పదకొండయ్యేసరికి వేళ్లు చచ్చుబడ్డాయి. మధ్యాహ్నం తబిత అన్నం డబ్బా విప్పింది. దాని మూత ఎప్పటినుంచో వదులు. పులుసు కారకుండా బేబి ఒక కాగితం నాలుగు మడతలు పెట్టి మూత కింద బిగించింది. తబిత విప్పి చూసింది. తన పేరు, తండ్రి పేరు, తరగతి, అన్నీ మాస్టారి చేతిరాతలోనే ఉన్నాయి. కింద సంతకం పెట్టాల్సిన గీత మీదికి చింతపండు పులుసు పాకింది.

పక్కన తింటున్న హెలెన్ కూతురు తొంగిచూసి, "ఏంటే అది, వాడు రాశాడా?" అంది.