దేవుడితో చెప్పుకున్న ఉప్పు సంగతి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దీన్ని కట్టుకున్నవాడికి చెవులైనా ఉండకూడదు, నోరైనా ఉండకూడదు అనేది మా అమ్మ. ఆ మాట ఎవరు ఆలకించారో గానీ మా ఆయనకి రెండూ కొరవే. మనిషి పెదవి విప్పడు. చెవులేమో కార్ఖానాలో పోగొట్టుకున్నాడు. ముప్పై ఏళ్ల పైన క్రేన్ నడిపాడు. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన బిరడాలు జేబులో వేసుకుని తిరిగాడు. అదేమంటే, అవి పెట్టుకుంటే కింద నుంచి పిలిచేవాళ్ల కేక వినబడదనేవాడు. రిటైరయ్యేసరికి ఏ కేకా వినబడకుండా పోయింది. నేనెంత అరిచినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

అలాంటి మనిషి రోజుకొకసారి మాత్రం నోరు విప్పుతాడు. పొద్దున్నే స్నానం చేసి, వరండాలో స్టూలు వేసుకుని ప్రార్థనకి కూర్చుంటాడు. తను గుసగుసగా, దేవుడికొక్కడికే వినబడేలా మాట్లాడుతున్నాననుకునేవాడు. నిజానికి క్రేన్ మీంచి కిందికి అరిచినట్టుండేది. భుయ్యాడీహ్‌లో బతుకుతెరువుకి వచ్చిన ఈ హిందీ ఊరి కార్మికుల బస్తీలో, మాది రెండు గదుల రేకుల ఇల్లు. పక్కింటికీ మాకూ మధ్య ఒకటే గోడ. గోడలకు చెవులుంటాయంటారు, మా గోడకైతే చెవులతో పనే లేదు.

మొదట్లో నాకీ ప్రార్థనంటే గిట్టేది కాదు. మాది శ్రీకాకుళం వైపు. పుట్టింట్లో ఏటా అమ్మవారికి మొక్కు చెల్లించాకే ఏ పనైనా. మా పెళ్లైన మూడో ఏడు, ఈయనతో పనిచేసే ఒకాయన టిఫిన్ వేళ బైబిలు చదివి వినిపించేవాడు. విని విని ఈయన అటు తిరిగాడు. నేను ఏడ్చాను, గొడవ చేశాను, నాలుగు రోజులు పొయ్యి వెలిగించలేదు. ఆ నాలుగు రోజులూ బజారు రొట్టెలు తిని డ్యూటీకి వెళ్లాడు తప్ప ఒక్క మాట అనలేదు. అంటే నేను తిరిగి అనేదాన్ని కదా, ఆ అవకాశమూ ఇవ్వలేదు.

కొన్నేళ్లకి ఒక పొద్దున వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే ఈ మాటలు వినబడ్డాయి.

"ప్రభువా, నిన్న సేపల పులుసు బావుంది. ఉప్పే రవ్వంత ఎక్కువైంది. అది దానికి సెప్పే దైర్యం నాకు నేదు. నీకు సెప్పుకుంతన్నాను."

ఒళ్లు మండింది. నా వంట మీద దేవుడి దగ్గర ఫిర్యాదా అని కత్తిపీట వదిలేసి లేచాను. వెనకాలే ఇంకో మాట వచ్చింది: "దాని మనసుకి నెమ్మది ఇయ్యి ప్రభువా. అది మనిసి మంచిదే, ఆ కోపమే దాన్ని తినేస్తంది." లేచినదాన్ని లేచినట్టే నిలబడిపోయాను. పుట్టి బుద్ధెరిగాక నా గురించి ఒకరు అలా అడగడం నేను వినలేదు.

మర్నాడు ఉప్పు తగ్గించాను. మొదటి ముద్ద తిని, పైన రేకుల వైపు చూసి తలాడించాడు.

మా తెలుగు చర్చి సంఘంలో ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళ ఒకటుంటుంది. జ్వరం తగ్గిందనో, బిడ్డ పరీక్ష పాసైందనో ఒక్కొక్కరు లేచి చెబుతారు. అప్పటికి నేను తోడుగా వెళ్లి వెనక వరసలో కూర్చునేదాన్ని. ఆ ఆదివారం ఎన్నడూ లేవని ఈయన లేచాడు. ఏ మనిషితోనూ చెప్పని చిన్న సంగతి ఒకటి దేవుడికి చెప్పుకున్నాననీ, ఒక్క రోజులో ఆలకించాడనీ, ఇంత చిన్నవి కూడా పట్టించుకునే దేవుడుంటే తనకింకేం దిగులని చెప్పి కూర్చున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయన మొహంలో ఆ నిబ్బరం చూసి నవ్వు మింగేశాను.

ఇక అదే అలవాటైపోయింది. చొక్కా బొత్తాం ఊడిందని దేవుడికి చెబితే నేను కుట్టేదాన్ని. ఎండుచేపలు తినాలనుందని చెబితే ఆ వారం వండేదాన్ని. ఎప్పుడూ గుట్టు విప్పలేదు. మొదట వేళాకోళంగానే చేశాను. పోనుపోను ఆ చివరి మాట, నా మనసు నెమ్మది కోసం అడిగే మాట, చెవిన పడకపోతే నాకు పొద్దు పొడిచినట్టుండేది కాదు. ఆ మాట పట్టుకునే నడిచి నడిచి నేనూ సువర్ణరేఖ నది ఒడ్డున బాప్తిస్మం తీసుకున్నాను. నీకేం అద్భుతం జరిగిందని అందరూ అడిగితే ఏం చెప్పను?

దాంతో మా అక్కకి కోపమొచ్చింది. తన కూతురి పెళ్లిలో పసుపు దంచడానికి రోలు దగ్గర కూర్చున్నదాన్ని, మతం మారినదానివి ముట్టుకోవద్దని పదిమందిలో లేచి వెళ్లమంది. లేచి, ఆ సాయంత్రం రైలుకే తిరిగొచ్చేశాను. తొమ్మిదేళ్లు అక్కతో మాటల్లేవు. ఆ తొమ్మిదేళ్లూ ఈయన రోజూ "అక్కాసెల్లెళ్లని కలుపు ప్రభువా" అంటుంటే నేను వంటింట్లో గిన్నెలు దడదడలాడించేదాన్ని. ఉప్పు తగ్గించాను గానీ ఆ ప్రార్థన మాత్రం చచ్చినా తీర్చకూడదనుకున్నాను. ఒకరోజు బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. చేట పక్కన పెట్టి ఫోన్ తీసి అక్కకి కలిపాను. ఎందుకు కలిపానో ఈనాటికీ తెలీదు. "అక్కా, తిన్నావేటి?" అన్నాను. అటు నుంచి ఏడుపు వినబడింది.

పోయిన చలికాలం, ఈ ఊళ్లోనే కద్మాలో ఉండే మా అమ్మాయి నాన్నకి చెవి మిషను తెచ్చింది. నేను తెలుగులో ఏమడిగినా హిందీలోనే బదులిచ్చే పిల్ల అది. "పాపా, అబ్ సునో", ఇక విను నాన్నా, అని చెవిలో అమర్చి వెళ్లింది. అందరూ సంతోషించారు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. ఈయన గొంతు ఈయనకి వినబడితే ఏమౌతుంది?

అనుకున్నట్టే అయింది. మర్నాడు పొద్దున "ప్రభువా" అని మొదలుపెట్టి, తన గొంతుకి తానే ఉలిక్కిపడ్డాడు. వంటింటి వైపు చూశాడు. గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను నేను. గొంతు దించేసి పెదవులు మాత్రం కదిపి లేచాడు. సరిగ్గా అప్పుడే వరండా పిట్టగోడ మీంచి పక్కింటావిడ తల పెట్టింది. సోంపేట మనిషి, వాళ్లాయన రైల్వేలో పనిచేస్తాడు. రోజూ ఆ వేళకి తులసికి నీళ్లు పోసుకుంటూ ఈయన ప్రార్థన వినేది.

"ఏటన్నయ్యా, నా మోకాళ్ల నొప్పి సంగతి ఇయ్యాల ఎత్తనేదు. నా వల్ల ఏటైనా తప్పైందేటి?" అంది.

ఆవిడ వెళ్లేదాకా ఆగి ఆయన నా వైపు తిరిగాడు.

"అయితే ఆ ఉప్పు సంగతీ నువ్వు ఇన్నావేటి?"

నాకు అబద్ధాలు రావు, తిట్లు వచ్చు. ఆ పూట అవీ రాలేదు. విన్నానన్నాను. బొత్తామా అన్నాడు. తలూపాను. చెవిలోంచి మిషను తీసి డబ్బాలో పెట్టేసి లోపలికి వెళ్లి పడుకున్నాడు.

మూడు పొద్దులు స్టూలు ఖాళీగా ఉంది. పాతికేళ్లు దేవుడు ఆలకించాడనుకున్నదంతా పెళ్లాం పనే అని తేలితే ఏ మనిషికైనా ఏం మిగులుతుంది? ఆయన నిబ్బరం నా చేతులారా కూలగొట్టాననిపించింది. నా విశ్వాసం కూడా ఆయన ప్రార్థన మీదే నిలబడి ఉందని నాకు అప్పుడే తెలిసింది. సొంతంగా పైకి ఒక్క ప్రార్థన చేసి ఎరగను నేను.

నాలుగో పొద్దున ఇక ఉండబట్టలేక నేనే ఆ స్టూలు మీద కూర్చున్నాను. కళ్లు మూసుకున్నాను. గోడ అవతల చెంబు చప్పుడు ఆగింది. వింటే విననీ అనుకున్నాను.

"ప్రభువా, నాకు పెద్ద మాటలు రావు. ఉప్పు తగ్గించింది నానే. బొత్తాం కుట్టింది నానే. అక్కకి ఫోన్ సేసింది మాత్రం నాను కాదు. అది నా వల్లయ్యే పని కాదని నీకు తెల్సు, ఆ మనిసికీ తెల్సు. ఆ మనిసిని మళ్లీ ఇక్కడ కూకోబెట్టు."

ఇంకేం అడగాలో తోచక అలాగే కూర్చున్నాను. వెనక నుంచి "ఆమేన్" అని వినబడింది. పెళ్లైనప్పటి నుంచి ఆయన అంత మెల్లిగా ఒక మాట అనడం నేను వినలేదు. తిరిగి చూస్తే గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చెవిలో మిషను పెట్టుకుని. కళ్లు తుడుచుకున్నాడు. లెగు, అది నా స్టూలు అన్నాడు. లేచాను. కూర్చుని, పక్కింటావిడ మోకాళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టాడు, గోడకి వినబడేంత గట్టిగా.

ఆ మధ్యాహ్నం చేపల పులుసు పెట్టాను. ధ్యాస ఇంకా ఆ స్టూలు దగ్గరే ఉంది, ఉప్పు ఎంత వేశానో ఏమో. మొదటి ముద్ద తిన్నాడు. పైకి రేకుల వైపు చూస్తాడని కాచుక్కూర్చున్నాను. చూడలేదు. నా మొహంలోకి చూశాడు.

"పులుసు బావుందే. ఉప్పు రవ్వంత ఎక్కువైంది."

నాకు కోపం రాలేదు. మనసు ఎంత నెమ్మదిగా ఉందో చెప్పలేను. ఇంకో గరిటెడు అన్నం వడ్డించి, దాని మీద పులుసు పోశాను.