సార్ నడిచి చూసిన రెండో దారి

సార్ పోయారన్న కబురు నాకు ఫ్లెక్సీ ఆర్డర్‌గానే వచ్చింది. గోదావరిఖనిలో ఎవరు పుట్టినా, గెలిచినా, పోయినా ఫ్లెక్సీ కావాలి. నాది ఆ షాపే. పొద్దున్నే మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, సార్ పోయిండు. నిద్రల్నే పోయిండట. ఫ్లెక్సీ నువ్వే చెయ్యాలె," అన్నాడు. కంప్యూటర్ ముందు కూర్చుని కాసేపు ఏడ్చాను. ఆ కంప్యూటర్ ఇంకా బతికి ఉందంటే అదీ ఆయన చలవే.

సార్ బొగ్గు గనుల్లో సేఫ్టీ ఆఫీసర్‌గా చేసి రిటైరయ్యారు. కోస్తా నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు తలెత్తి పైకప్పు చూసేవారు. గనిలో పట్టిన అలవాటు. మా షాపు రేకులనూ వచ్చిన ప్రతిసారీ అంతే శ్రద్ధగా చూసేవారు. "సార్, రేకులు నిన్న ఉన్నయి, ఇయ్యాల గూడ ఉన్నయి," అని ఏడిపించేదాన్ని. "రేపు?" అనేవారు, నవ్వకుండా.

కంప్యూటర్‌లో బొమ్మను తెరమీదికి తెచ్చే గ్రాఫిక్స్ కార్డు పనిచేయాలంటే డ్రైవర్ అనే ప్రోగ్రాం ఉండాలి. మా పాత కార్డుల విషయంలో తయారుచేసిన కంపెనీ ఎప్పుడో చేతులు దులిపేసుకుంది. రిటైరయ్యాక కోడ్ రాయడం నేర్చుకున్న సార్, ఎక్కడెక్కడో ఉన్న మరికొందరు కలిసి వాటికోసం ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఒకటి నడిపేవారు. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా బాగుచేయొచ్చు. అందులో ఏది చేర్చాలన్నా చివరి మాట సార్‌ది. నాలాంటి షాపులు దానిమీదే బతికాయి.

ఒక అప్‌డేట్ తర్వాత నా తెరమీద ఫొటోలన్నిటికీ ఆకుపచ్చ చారలు పడ్డాయి. పెళ్ళికొడుకు ముఖానికీ చారలే. మా తమ్ముడు గనిలో ఎలక్ట్రీషియన్. డ్యూటీ దిగాక కోడ్ రాయడం వాడి పిచ్చి. వాడు దాన్ని సరిచేశాడు. ఆ మార్పును సార్ డ్రైవర్‌లో చేర్చుకోలేదు. "మీ అక్క కార్డు వెలిగి ఇంకొకడి కార్డు ఆరిపోతే ఎలాగయ్యా?" అన్నారు. వాడికి తిక్కరేగింది. కోడ్ మొత్తం కాపీ చేసుకుని వేరు కాపురం పెట్టేశాడు. దీన్నే ఫోర్క్ అంటారు. సగంమంది వాడి వెంట పోయారు. అసలే ఉన్నది గుప్పెడుమంది. ఇలా చీలితే రెండూ చస్తాయని, వాటితో నా షాపూ మూతపడుతుందని నాకు ఒకటే దిగులు.

సార్ ఇంటికి పోయి గట్టిగానే అడిగాను. "గింత లొల్లి అయితుంటె గట్ల కూసున్నరేంది సార్? వాన్ని ఆపుండ్రి!"

"గనికి రెండు దారులు లేకపోతే మనిషిని దిగనివ్వరమ్మా," అన్నారు ఆయన. "రెండోది ఉందన్న ధీమాతోనే మొదటి దారిలో పనిచేస్తారు. మీ తమ్ముడు చేసింది అదే."

"మరి అందరు గటే పోతె?"

"పోనీ. అది కూలకుండా ఉందో లేదో నడిచి చూడటం నా పని."

నిజంగానే నడిచి చూశారు. ప్రతి ఆదివారం డైనింగ్ టేబుల్ నిండా పాత కార్డులు పరిచి, వాటిమీద మా తమ్ముడి కోడ్ నడిపి, ఎక్కడ చెడిందో వాడికే రాసి పంపేవారు. ఎత్తిపొడుపు మాట ఒక్కటి ఉండేది కాదు. భార్యాభర్తలిద్దరూ ఆ రోజు వంటింట్లో నేలమీద కూర్చుని తినేవారు. "నన్ను కాదన్నాయనే నా తప్పులు ఏరి పెడుతుండేందక్కా?" అని మా తమ్ముడు తెగ ఇదయ్యాడు. పంతానికి ప్రతి తప్పూ దిద్దాడు.

చివరికి ఒక ఆదివారం టేబుల్ మీది కార్డులన్నీ వాడి కోడ్‌తోనే వెలిగాయి. ఒక్క చార లేదు. సార్ వేసిన కేకకు పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు! ఆ కోడ్ మొత్తాన్నీ వాడి పేరుతోనే తన దాంట్లో కలుపుకున్నారు. విడిపోయినవాళ్ళు తిరిగొచ్చారు. మా తమ్ముడు జిలేబీలు పట్టుకుని ఉరికాడు. "గెలిచినం సార్!"

"గెలిచాం. ఇక చివరి మాట నీదే," అన్నారు సార్, జిలేబీ అందుకుంటూ. "కానీ ఎవరైనా విడిపోతానంటే అడ్డుపడకు. రేపు నువ్వు మొండికేస్తే ఇంకొకడికి దారి కావాలిగా?"

మాకు అంత సంతోషం ఇచ్చిన మనిషికి ఏడుపుగొట్టు ఫ్లెక్సీ చేయబుద్ధి కాలేదు. ఇంటివాళ్ళు పంపిన కోటు ఫొటో పక్కనపెట్టి, మా షాపు గుమ్మంలో నేను తీసిన ఫొటో తెరిచాను. తల పైకెత్తి రేకులు చూస్తున్నారు. తెరనిండా పెద్దది చేశాను. ఆ ముఖం మీద ఒక్క చార లేదు. "ఇదే పెట్టక్కా," అన్నాడు మా తమ్ముడు.

చౌరస్తాకు వస్తే మీరూ చూడండి. అక్కడ షిఫ్టు బస్సు కోసం నిలబడినవాళ్ళు ముందు సార్‌ను చూస్తారు. తర్వాత ఆయన దేన్ని చూస్తున్నారా అని తామూ ఒకసారి తలెత్తి ఆకాశం చూసి, నింపాదిగా బస్సెక్కుతారు.