కూరగాయల గేటు

మూఢనమ్మకాల మీద నేను వేదికలెక్కి మాట్లాడినవన్నీ ఒక ఎత్తు, ఉయ్యూరు బస్సులో ఒక పెద్దావిడ అన్న మాట ఒక ఎత్తు.

విజయవాడ బస్టాండులో ఎక్కి నా పక్కన కూర్చుంది. కిటికీ దగ్గర ఆవిడ మనవరాలు ముఖం వేలాడేసుకుని ఉంది. ఇద్దరూ రెండు ఇంజినీరింగ్ కాలేజీలు చూసి వస్తున్నారు. వెబ్ ఆప్షన్లకు ఆ రోజే ఆఖరు. అమ్మాయికి నచ్చిన కాలేజీ గేటు దక్షిణం వైపు ఉందట. తూర్పు గేటు లేని కాలేజీ వద్దే వద్దని తండ్రి పట్టుబట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. "ల్యాబులు చూడాలి, పాఠాలు చెప్పేవాళ్ళను చూడాలి గానీ గేటు చూడటమేమిటండీ! ఫోన్ కలపండి, మీ అబ్బాయితో నేను మాట్లాడతాను" అన్నాను.

ఆవిడ నా చేతిలో ఒక జామకాయ పెట్టింది. "మీరు వాదించి గెలిచేసరికి గడువు దాటిపోతుంది బాబూ. ముందు ఇది తినండి."

తర్వాత తనే కొడుక్కి ఫోన్ చేసింది. "ఒరేయ్, తూర్పున కూడా గేటుందిరా. గోడ చుట్టూ తిరిగి నా కళ్ళతో చూశాను. హాస్టలుకి కూరగాయల ఆటో అందులోంచే వెళుతోంది. మొదటిరోజు పిల్లని అటునుంచే తీసుకెళతాను, సరేనా?"

ఫోన్ పెట్టేసి మనవరాలి వైపు తిరిగింది. "అదే మొదటి ఆప్షన్ పెట్టుకోమన్నాడే."

అమ్మాయి పగలబడి నవ్వింది. "అయితే నన్ను వంకాయల బస్తా మీద కూర్చోబెడతావా నాయనమ్మా?"

వాస్తును నేను ఇప్పటికీ ఖండిస్తూనే ఉన్నాను. కానీ సభలో నా గొంతు పెరిగినప్పుడల్లా, ఆ కాలేజీ గోడ చుట్టూ ఎండలో నడిచి తూర్పు గేటు వెతికిన ఆవిడ గుర్తొస్తుంది.