వెనక అర్రలో తిన్నదెవరు

దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ టీవీ గొంతు కాస్త తగ్గించండి. నేను చెప్పబోయేది కల్పించిన కథ కాదు. నా పుస్తెల మీద ఒట్టు... నాకే జరిగింది. ఇక్కడే గోదావరిఖనిలో, మొదటి అంతస్తులో ఉన్న మా బొగ్గుగని క్వార్టర్‌లో. నమ్మనివాళ్లు నమ్మకండి, నాకేం పోదు. నవ్వేవాళ్లు నవ్వుకోండి. లావుపాటి ఆడదాన్ని చూసి నవ్వడం కంటే తేలికైన పని ఈ లోకంలో ఇంకోటి లేదు, సోమరిపోతులు కూడా చేస్తారు.

అప్పుడు నేను పొట్ట ఆపరేషన్‌కు తయారవుతున్నాను. బరువు తగ్గడానికి పొట్టను కోసి చిన్నది చేస్తారే, అది. షోకు కోసం కాదు. నిద్రలో నాకు ఊపిరి ఆగిపోయేది. మా ఆయన కొమురయ్య లేచి భుజం పట్టి కుదిపితే మళ్లీ వచ్చేది. ఆయన రాత్రి డ్యూటీకి పోయిన రోజు కుదిపే దిక్కు లేదు. హైదరాబాద్‌లో డాక్టర్ ఉన్నమాట చెప్పేశాడు. "ఏదో ఒక రాత్రి ఆగింది ఆగినట్టే ఉండిపోతుందమ్మా" అన్నాడు.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు నీళ్ల తిండే తినాలన్నాడు. గట్టిది ఒక్క ముద్ద కూడా తగలకూడదట. నాలాంటి వాళ్లకు కాలేయానికి కొవ్వు పట్టి, అది ఉబ్బి పొట్టకు అడ్డం పడుతుందట. అది తగ్గకపోతే కోసినా మళ్లీ కుట్టేసి ఇంటికి పంపిస్తామన్నాడు. ఒకసారి ఇంటికి పంపిస్తే మళ్లీ ఆ ఆపరేషన్ బల్ల ఎక్కే గుండె నాకు లేదు. అది నాకు తెలుసు, మా ఆయనకూ తెలుసు.

ఇక ఆ తయారీ చూడాలి మీరు. పొద్దున, రాత్రి ఒక పొడి, నీళ్లలో కలుపుకుని తాగాలి. గోడకు వేసే సున్నంలో ఇంత చక్కెర వేసినట్టుంటుంది. మధ్యాహ్నం పప్పు మీద తేలిన కట్టు. సాయంత్రం మజ్జిగ... దాన్ని మజ్జిగ అంటే బర్రె నవ్వుతుంది. ఊపిరికి బలమని మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చారు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే బంతులు పైకి లేవాలి. మనవరాళ్లున్న ఆడది మంచం మీద కూర్చుని బంతులాట.

అది చాలదన్నట్టు మనసు కూడా తయారు కావాలట. దానికి ఒక చిన్న మేడం. మా బిడ్డ కంటే చిన్నది. గదిలో కూర్చోబెట్టి అడిగింది.

"ఆంటీ, బాధలో తింటారా, సంతోషంలో తింటారా?"

"అన్నం వేళకు తింట బిడ్డా."

"తిన్నట్టు గుర్తు లేకుండా తిన్న రోజులు ఉన్నాయా?"

"గుర్తు లేకపోనీకి నాకేమన్న మతి పోయిందా?"

బయటికి వచ్చి మా ఆయనతో అన్నాను, ఈ పిల్లకు జీతం కూడా ఇస్తారా అని.

ఇరుగుపొరుగు సంగతి చెప్పక్కర్లేదు. కింది క్వార్టర్ ఆమె రోజూ పైకెక్కి వచ్చేది. "నోరు కట్టేసుకుంటె తగ్గదా అక్కా, పొట్ట కోయించుకునుడేంది?" అనేది. ఆ మాట అనే నోట్లో మా డబ్బాలోని సకినం ఉండేది.

ఇట్లా సగం రోజులు గడిచాక పెత్రమాస వచ్చింది. పోయిన పెద్దలకు ఇష్టమైనవి వండి పెట్టే అమావాస్య కదా. ఊరంతా పగలు పెడుతుంది. మా ఇంట్లో మాత్రం సెకండ్ షిఫ్టు దిగే వేళకు, రాత్రి పెడతాం. ఎందుకంటే మా మామ సెకండ్ షిఫ్టు దిగి ఇల్లు చేరేదాకా మా అత్త ఎల్లవ్వ ఏనాడూ మెతుకు ముట్టలేదు. ఇద్దరూ పోయినా మేం ఆ వేళ మార్చలేదు. వెనక అర్రలో, అదే వెనక గదిలో, దీపం పెట్టాలి. కంచం పెట్టాలి. తలుపు దగ్గరికి వేసి బయట కూర్చోవాలి. తొంగి చూడకూడదు. కొంతసేపయ్యాక దగ్గి, తలుపు తట్టి, "తిన్నరా" అని అడిగి అప్పుడు తెరవాలి. ప్రతి ఏడూ పెట్టింది పెట్టినట్టే ఉండేది. తర్వాత మేమే పంచుకుని తినేవాళ్లం.

ఆ రోజు సాయంత్రం మా ఆడబిడ్డ లచ్చక్క నస్పూర్ నుంచి దిగింది. చేతిలో మటన్ సంచి, అందులో మూలగ ఉన్న ఎముక.

"పెద్ద కోడలు చెయ్యి పడాలె భాగ్యా. అమ్మకు మూలగ బొక్క పెట్టకపోతె ఇంటి మీద అలుగుతది."

"నేను ఇన్ని రోజులసంది అన్నం మొఖం చూడలే వదినె. నువ్వు వండరాదు?"

"నువ్వు గూడ చూడకు. కండ్లు మూసుకొని వండు."

వండాను. పెద్దలకు పెట్టేది ఉప్పు కూడా చూడకూడదు కాబట్టి నోటికి తగలనివ్వలేదు. మసాలా వేగుతుంటే నోట్లో నీళ్లు ఊరి గొంతు నొప్పి పుట్టింది. లచ్చక్క మటుకు పెద్దలకు పెట్టకముందే తన డబ్బా నింపుకుని, జ్యోతినగర్‌లో ఉండే బిడ్డ ఇంటికి ఆటో ఎక్కి వెళ్లిపోయింది. భక్తి అంటే అట్లా ఉండాలి.

చేతులు సబ్బుతో కడుక్కుని దీపం పెట్టాను. అన్నం, మటన్, గారెలు, పైన మూలగ బొక్క. పక్కన చెంబుతో నీళ్లు. తలుపు దగ్గరికి వేశాను. ముందు అర్రలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చేతిలో నా సున్నం నీళ్ల గ్లాసు. మా ఆయన కూడా సెకండ్ షిఫ్టు డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో నేనొక్కదాన్నే.

ఫ్యాను తిరుగుతోంది. దూరంగా బొగ్గు బండి పోతోంది... పోతూనే ఉంది. ఆ చప్పుడు ఆగింది. తర్వాత కుక్క మొరిగింది. అదీ ఆగింది.

అప్పుడు... లోపల కంచం జరిగింది.

స్టీలు కంచం గచ్చు మీద జరిగితే ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. కొంచెం. బెత్తెడు. ఎవరో ముందుకు లాక్కున్నట్టు.

పిల్లి అనుకున్నాను. వెనక కిటికీకి జాలీ ఉంది. పిల్లి రాదు.

తర్వాత నమలడం మొదలైంది. నెమ్మదిగా కాదు. గబగబా... ముద్ద మీద ముద్ద. నోరు మూసుకోకుండా. చప్... చప్... మధ్యలో జుర్రు. నాకు ముందు భయం వేయలేదు, చెప్తే నమ్మండి. అసహ్యం వేసింది. కొత్త కోడలిగా నేను రెండోసారి అన్నం పెట్టుకుంటే అందరి ముందు గిన్నె మీద మూత పెట్టేసిన మనిషి మా అత్త. "ఇది తినుడు గాదు, కూరుడు" అన్న మనిషి. చచ్చి పైకిపోయాక ఈమె తినే తీరు ఇదా అనుకున్నాను. నోరు ఆగలేదు.

"నిమ్మళంగ తినత్తా. నీ కంచం ఎవ్వరు గుంజుకపోతలేరు."

నమలడం ఆగింది.

పూర్తిగా ఆగింది. విన్నట్టు... ఎవరు మాట్లాడారా అని అటు తిరిగినట్టు. దీపం వెలుగు తలుపు కింద సందులోంచి సన్నగా కనిపిస్తోంది. దాని మీద నీడ లేదు.

అప్పుడు బొక్క విరిగింది. కటుక్కుమని... పళ్ల మధ్య.

మా అత్తకు ఆఖరి ఏళ్లలో ఒక్క పన్ను లేదు. పాలల్లో రొట్టె నానబెట్టి నేనే పెట్టేదాన్ని.

మూలగ పీల్చిన చప్పుడు. కంచంలో బొక్క పడిన చప్పుడు. చెంబు ఎత్తి గటగటా తాగిన చప్పుడు. తర్వాత... లోపల ఉన్నది లేచింది. ముందు చెయ్యి నేలకు ఆనించిన చప్పుడు. తర్వాత మోకాలి మీదికి బరువు తెచ్చి "అమ్మా..." అని మూలుగు. ఒకసారి లేవలేక మళ్లీ కూలబడడం. మళ్లీ "అమ్మా...". ఆ తర్వాత ఆయాసం.

మా అత్త కట్టెపుల్లంత మనిషి. పోయే ముందు రోజు కూడా గాలికి లేచినట్టు లేచేది. ఆ మూలుగు ఆమెది కాదు. ఆ ఇంట్లో నేల మీంచి అట్లా లేచేది ఒక్కరే.

నేను.

కుర్చీలో కూర్చునే ఉన్నాను. గ్లాసు నా చేతిలోనే ఉంది. నా మూలుగు నాకు తలుపు అవతల నుంచి వినబడింది.

దగ్గాలి, తట్టాలి, అడగాలి అని తెలుసు. ఒక్కటి కూడా చేతకాలేదు. అంతలో ముందు తలుపు దబదబా మోగింది. మా ఆయన. లేచి తీశాను.

"ఎంత సేపాయె కొట్టబట్టి. ఏం జేస్తున్నవ్ లోపల?"

"లోపల గాదు, గీ కుర్చీలనే కూసున్న. అర్రల ఎవరో ఉన్నరు. తింటున్నరు."

ఆయన పోయి, నేను చేయలేని పని చేశాడు. దగ్గి, తలుపు తట్టి, "తిన్నవా అవ్వా" అన్నాడు. జవాబు లేదు. తెరిచాడు. దీపం నిలకడగా వెలుగుతోంది. కంచం నాకినట్టు ఉంది. చెంబు ఖాళీ. బొక్క రెండు ముక్కలు. మనిషి లేదు. జాలీ చెక్కుచెదరలేదు.

కంచాన్ని చూసి, ఆయన నా వైపు తిరిగాడు.

"తింటె తిన్న అని చెప్పు భాగ్యా. నేనేమన్న తిడతనా?"

"నీ మీద ఒట్టు, తినలే."

"మెట్లెక్కి వచ్చి కిటికీల నుంచి చూసిన. కుర్చీ ఖాళీగుండె. తలుపు కొట్టినంక నువ్వు గీ అర్రల నుంచే వచ్చినవు. వస్త వస్త తలుపు దగ్గరికేసినవు. నా కండ్లతోని చూసిన."

నా కుడిచెయ్యి పట్టుకుని వాసన చూశాడు. వదిలేశాడు. మటన్ వండిన చెయ్యికి సబ్బుతో వాసన పోతుందా, మీరే చెప్పండి. కాని ఒకటి నిజం చెప్పాలి. ఆ సమయంలో నాకు ఆకలిగా లేదు. ఇన్ని రోజుల్లో మొదటిసారి. భయానికి ఆకలి చచ్చిందో... ఏమో.

తెల్లారి లచ్చక్క ఫోన్ చేస్తే జరిగింది చెప్పాను. "అమ్మ వచ్చి కడుపునిండ తిన్నదంటె సంబురపడాలె. డాక్టరుకు చెప్తె ఎనుకకు పంపుతడు. నోరు మూసుకొని పోయి పండుకో" అంది. సలహా ఇవ్వడానికి ఆమెకు ఖర్చేముంది. కోయించుకునేది నేను.

హైదరాబాద్ పోయిన రోజు ఆ చిన్న మేడమే వచ్చి అడిగింది, గట్టిది ఏమైనా తిన్నారా అని. మా ఆయన కిందికి చూస్తున్నాడు. లేదు అంటే అయిపోయేది. కాని నా కడుపు సంగతి నాకే తెలియకుండా బల్ల ఎక్కడమా...

"పెత్రమాస నాడు మా ఇంట్ల ఒకలు కంచం నిండ తిన్నరు బిడ్డా. మా అత్తనో, నేనో తెల్వది" అని మొత్తం చెప్పాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"లోపల తింటున్నవాళ్ల మీద మీకేమనిపించింది ఆంటీ?"

"అసహ్యమనిపించింది."

"అది మీరే అని తెలిస్తే?"

నేను కుడిచెయ్యిని కొంగుతో తుడుచుకున్నాను.

స్కానింగ్ చేశారు. కాలేయం తగ్గిందన్నారు. అయితే నేను తినలేదన్నట్టేనా అని డాక్టర్‌ని అడిగాను. "ఒక్క పూట తింటే ఇందులో కనపడదమ్మా" అన్నాడు. ఆపరేషన్ అయింది. ఇప్పుడు రాత్రి నా ఊపిరి ఆగడం లేదు. మా ఆయన హాయిగా పడుకుంటున్నాడు.

మళ్లీ పెత్రమాస దగ్గరికి వస్తోంది. "ఈసారి లీవు పెడత, ఇద్దరం బయట కూసుందాం" అన్నాడు ఆయన. వద్దన్నాను. ఈసారి నేను లోపలే కూర్చుంటాను. కంచం పక్కన, తలుపు మూసుకుని. పద్ధతి కాదని లచ్చక్క మొత్తుకుంటోంది, మొత్తుకోనీ. వచ్చేది అత్త అయితే పలకరిస్తాను. అత్త కాకపోతే, ఆ వచ్చినదాన్ని ఏమని పిలవాలో... ఇంకా నాకు తోచలేదు.

పొద్దుపోయింది, ఇక లేవండి. మీ ఇల్లు చల్లగా ఉండాలి. డ్యూటీకి పోయినవాళ్లు వేళకు ఇల్లు చేరాలి. మీ ఇంట్లో ఎవరు కంచం ముందు కూర్చున్నా, వాళ్ల ముఖం మీకు కనపడుతూ ఉండాలి.