ఊరంతటినీ లేపిన మా మామ

నిన్న పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో చాయ్ తాగుతుంటే ఎదురుగా కొత్త ఫ్లెక్సీ ఒకటి లేచింది. ఎన్నికల్లో నిలబడింది ఒక ఆడమనిషి. ఆమె ఫొటో తపాలా బిళ్లంత, ఆమె భర్త ఫొటో తలుపంత. చాయ్ ముక్కులోకి ఎక్కేంత నవ్వొచ్చింది నాకు. పక్కనున్నాయన కంగారుపడ్డాడు గానీ, మా మేనమామ గుర్తొచ్చాడని ఆయనకు ఎలా చెప్పేది? మీకు చెబుతాను. నా మాటల్లో పావు వంతు తీసేసి వినడం మా ఇంట్లోవాళ్లకు అలవాటు. మీరూ అట్లాగే చేయండి. కానీ మామ సంగతిలో తీసేయడానికేమీ దొరకదు.

మామది పటాన్‌చెరు దగ్గర పల్లె. సగం పొలాలు, సగం ఫ్యాక్టరీ గోడలు. సర్పంచ్ కావాలని ఆయన మీసాలు మొలిచినప్పటి నుంచీ ఎదురుచూశాడు. తీరా అదను వచ్చేసరికి ఆ సీటు మహిళలకు రిజర్వ్ అయింది. మూడు రోజులు అన్నం ముట్టలేదు. అంటే ఇంట్లో ముట్టలేదు, హోటల్లో తిన్నాడు. నాలుగో రోజు అత్తతో నామినేషన్ వేయించి, "పేరు ఆమెది, పని నాది" అని ఊరంతా చెప్పుకుని తిరిగాడు. కరపత్రంలో మామ మీసం కొనలు అంచులు దాటిపోతే, అత్త ఆ మీసం నీడలో నిలబడినట్టు ఓ మూలకు ఉండేది.

అత్త మాత్రం మైకు ముట్టలేదు. కుంకుమ బరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకు బొట్టు పెట్టింది. ఆ ఊరి బోరు నీళ్లు పసుపు కలపకుండానే పచ్చగా వస్తాయి. ప్రతి ఇంట్లోనూ బిందెలోకి తొంగిచూసి, మూత పెట్టి బయటికొచ్చేది. ఒక గల్లీ మలుపులో నన్ను ఆపి మెల్లగా అన్నది: "అల్లుడా, గెలిస్తే కుర్చీల నేనే కూసుంట. మంచినీళ్ల పైపు ఎట్ల రాదో సూస్త. మీ మామతోని అనకు." నా నోట్లో నువ్వుగింజ నానదని తెలిసీ చెప్పింది. కానీ నానింది. నా జన్మలో నేను దాచిన మాట అదొక్కటే.

పోలింగ్ ఊరి బడిలో, పొద్దున ఏడింటి నుంచి ఒంటిగంట దాకే. ఊరి చిక్కేమిటంటే, నైట్ షిఫ్ట్ వాళ్లు సరిగ్గా ఆ వేళకే ఇంటికొచ్చి పడుకుంటారు. వాళ్లను లేపే పని మామ నెత్తిన వేసుకున్నాడు. ఫ్యాక్టరీలకు సామాను తోలే ట్రాలీ ఆటో నాకు ఉండేది గనుక, తోలే పని నాది. మామ తలుపులు బాదుతుంటే అవతలి వీధిలో కోళ్లు లేచాయి. ఒకాయన దిండుతో సహా వచ్చి వరుసలో నిలబడ్డాడు. ఇంకొకాయన బడి గేటును కంపెనీ గేటనుకుని పోలీసుకు కార్డు చూపించి, "లేటైంది సార్, రేపు జల్దీ వస్త" అన్నాడు.

పన్నెండున్నరకు ఒక్కడే మిగిలాడు. నీళ్లు చల్లాం, పక్కనే డప్పు కొట్టించాం. కదల్లేదు. "ఇగ సూసుడేంది అల్లుడూ, మంచంతోనే ఎత్తు!" అన్నాడు మామ. ఎత్తాం. అది ఎన్నికల నియమాలకు సరిపోతుందా అని ఎవరూ అడగలేదు, మేమూ గుర్తు చేయలేదు. ఆటో బడి ముందు గుంతలో పడ్డ కుదుపుకు వాడు లేచి కూర్చున్నాడు. "ఉరుకు బిడ్డా, ఉరుకు!" అని మామ వాణ్ణి గేటు లోపలికి తోశాడు. వాడి వెనకే గేటు పడింది. ఒంటిగంట. మామ మంచం కోడు పట్టుకుని బయట నిలబడి, "ఒక్కడు మిగల్లే!" అని చెమట తుడుచుకున్నాడు.

"మామా, నువ్వెప్పుడేసినవ్?" అన్నాను.

మామ తన వేలు చూసుకున్నాడు. చేతిలోని మంచం జారి నేల మీద పడింది. "సార్, గేటు తియ్యి సార్! నా పెండ్లానికే నేను వెయ్యలే!" అని గేటు పట్టుకుని ఊపాడు. "టైమైపోయింది పెద్దాయనా" అన్నాడు పోలీసు.

రెండింటికి లెక్కింపు మొదలైంది. గోడ బయట ఊరంతా ఊపిరి బిగబట్టింది. ఒకసారి అత్త ముందు, ఒకసారి అవతలామె ముందు. మామ గోళ్లు అయిపోతే నావి కూడా కొరికేవాడే. చివరికి అత్త గెలిచింది, ఒక్క ఓటుతో! మళ్లీ లెక్కపెట్టారు, మళ్లీ ఒక్కటే. డప్పులు, రంగులు, ఈలలు! దండలన్నీ అత్త దాకా పోకుండా మామ మెడలోనే ఆగిపోయాయి. నిద్రవాణ్ణి ఎవరికి వేశావురా అని అడిగితే, "ఏం గుద్దిన్నో యాదికి లేదన్నా" అన్నాడు.

పంచాయతీ ఆఫీసులో మొదటి రోజు మామ గంజి పెట్టిన బట్టల్లో వచ్చి నేరుగా సర్పంచ్ కుర్చీలో కూర్చున్నాడు. కిటికీల నిండా జనం. అత్త ఎదురుగా నిలబడింది.

"ఏమయ్యా, నీ ఏలు సూపియ్."

మామ చెయ్యి జేబులోకి పోయింది. "గిప్పుడెందుకే అవన్నీ?"

"నిద్రపోయినోని ఏలుకు సుత సిరా ఉన్నది. నీకు లేదు. నీ ఓటు లేకుండనే గెలిచిన. లెవ్."

"మరి గా నిద్రోన్ని తెచ్చిందెవలు?"

"తెచ్చినవనే గా పక్క బెంచీ మీద కూసోమంటున్న. లేకుంటే బయటనే నిలవడుతుంటివి."

కిటికీల దగ్గర ఆడవాళ్ల నవ్వుకు పైకప్పు రేకులు లేచి పడ్డాయి. మామ లేచాడు. అత్త చెంగుతో కుర్చీ తుడిచి కూర్చుని, మొదటి కాగితంగా మంచినీళ్ల పైపు అర్జీ తెప్పించుకుంది. పైపు వచ్చేదాకా ఆ అర్జీని వదల్లేదు, కుర్చీనీ వదల్లేదు.

నిమిషాలన్నీ ఒక్క కొలతేనని గడియారాలు చేసేవాళ్లు అనుకుంటారు గానీ, ఆ గేటు పడిన నిమిషం మా మామకు ఐదేళ్లు సాగింది.